స్టాండు లేని సైకిళ్ళు, తీరుబడి యాత్రలు

చలికాలం రాగానే నంద్యాల జిల్లాకు రెండు వస్తాయి. శనగ చేల మీద మంచు ఒకటి, సైకిలు యాత్రికులు రెండోది. మంచుతో మాకు పేచీ లేదు.

ఈసారి ఒక కరపత్రం నా కంట పడింది. నిర్వాహకులు ఎవరో చెప్పను, చెబితే అదే వాళ్ళకు ప్రచారం. ‘సున్నపురాతి కొండల నడుమ తీరుబడి వలయ యాత్ర’ అని పెద్ద అక్షరాలు. బనగానపల్లెలో బయల్దేరి యాగంటి, అవుకు, బెలుం, కొలిమిగుండ్ల, కోవెలకుంట్ల చూసుకుని మళ్ళీ బనగానపల్లె చేరడం. వలయానికి వంక పెట్టలేం. ఎర్రమల కొండలు, ఎక్కుళ్ళు, దిగుళ్ళు, కొండ కింద గుహలు, అన్నీ దారిలోనే ఉన్నాయి. పేచీ అంతా ఆ తీరుబడి దగ్గరే.

ఎందుకంటే ఆ సైకిళ్ళకు స్టాండు లేదు.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. ఒక్కో సైకిలు ఖరీదు పెట్టి మంచి మోటారు సైకిలు కొనవచ్చు. అయినా దానికి స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. డబ్బు ఎక్కువ పోసిన కొద్దీ సామాను తగ్గుతుందన్న మాట. ఇంకో లక్ష పెడితే చక్రాలు కూడా ఊడదీసి ఇస్తారని నా నమ్మకం. స్టాండు బిగిస్తే బరువు పెరుగుతుందట. తొక్కేవారి నడుం చుట్టూ పెరిగిన బరువు సంగతి మాత్రం కరపత్రంలో ఎక్కడా లేదు.

అవుకులో టీ కొట్టు దగ్గర ఆగింది ఈ దండు. సైకిలును గోడకు ఆనిస్తే రంగు పోతుంది. నేల మీద పడుకోబెడితే గేరు వంగుతుంది. కొట్టు ముందున్న నాపబండ అరుగుకు చేరవేద్దామంటే అంచు గరుకు. కాబట్టి అందరూ ఎవరి సైకిలు వారు పట్టుకుని నిలబడ్డారు. టీ వచ్చింది. ఒక చేతిలో హ్యాండిలు, ఒక చేతిలో గ్లాసు. బిస్కెట్టు ఎవరు ముంచాలి? చర్చ జరిగింది. చివరికి సగం మంది రెండేసి సైకిళ్ళు పట్టుకోవాలని, ఆలోగా తక్కిన సగం తాగాలని తీర్మానించారు. రెండో సగం వంతు వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. అంతలో ఒకాయన జేబులో ఫోను మోగింది. రెండు చేతుల్లోనూ సైకిళ్ళే. మోగి మోగి అదే ఆగింది.

పక్కనే పంక్చర్లు వేసే అతను ఇదంతా చూసి చూసి ఉండబట్టలేక అడిగాడు.

“స్టాండు ఏదీ సార్?”

“దీనికి ఉండదండీ.”

“మరి రాత్రి పూట?”

“ఇంట్లో గోడకు తగిలిస్తాం.”

“అయితే పటమే కదా సార్!”

ఈ మాట ఇంకా గాలిలో ఉండగానే పచ్చగడ్డి మోపుతో ఒక పెద్దాయన పాత సైకిలు మీద వచ్చాడు. మడమతో స్టాండు తన్ని, సైకిలును దాని మానాన వదిలేసి, బల్ల మీద రెండు కాళ్ళూ మడిచి కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగాడు. తీరుబడి యాత్రకు రుసుము కట్టింది మాత్రం ఆయన కాదు.

యాగంటిలోనూ ఇదే వరస. సగం మంది ఉమామహేశ్వరుడి దర్శనానికి వెళితే సగం మంది బయట కాపలా. అక్కడి బసవయ్య అంతకంతకూ పెరుగుతాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని ప్రతీతి. రెండో జట్టు లోపలికి వెళ్ళేసరికి ఆయన కొంత పెరిగే ఉంటాడు.

బెలుం దగ్గర మరో చిక్కు. నేల కింద ఫోనుకు సిగ్నలు అందదు. అందకపోతే నడిచిన దూరం ఫోను లెక్కలోకి రాదు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన గుహ అది. 1982, 83లలో జర్మన్ల బృందం పాకుతూ, దేకుతూ కొలిచిన గుహ. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో జనం చూడగలిగింది ఒకటిన్నర కిలోమీటరు. మన యాత్రికుల ఖాతాలో అది సున్నా. రాతి పగుళ్ళలోకి దిగిన నీరు సున్నాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ, ఎవరికీ లెక్క చెప్పకుండా, కోటిలింగాల గది నుంచి పాతాళగంగ దాకా తొలిచిన దారి అది. తీరుబడి చూడాలంటే అక్కడ చూడాలి. వీళ్ళు గబగబా పైకి వచ్చి, ఫోను మళ్ళీ బతికిందని ఊపిరి పీల్చుకున్నారు.

కరపత్రంలో ఇంకో మాట ఉంది, ‘చెక్కుచెదరని ప్రకృతి’ అని. కొలిమిగుండ్ల దారిలో కూర్చుని రాశారేమో చూడాలి. అక్కడ దారి పక్కన గుట్టలుగా పోసింది మట్టి కాదు. నాపరాళ్ళను నీళ్ళు పోస్తూ కోసి పాలిష్ పట్టగా మిగిలిన బురద. ఎండాక తెల్లగా పొడి అవుతుంది. లారీ పోయిన ప్రతిసారీ లేస్తుంది. చెట్ల ఆకుల మీద అదే, కోత మిషను దగ్గర పనిచేసే వాళ్ళ కనురెప్పల మీద అదే. యాత్రికులు మూతికి గుడ్డ కట్టుకుని ఆ దుమ్మును పది నిమిషాల్లో దాటేస్తారు. అక్కడ పనిచేసే మనిషి దాన్ని దాటి ఎక్కడికి పోవాలి?

జ్వాలాపురం పేరు కరపత్రంలో లేనే లేదు. వలయానికి ఆనుకుని ఉన్న జుర్రేరు లోయలోని ఊరు. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అక్కడ పొరగా మిగిలింది. ఆ పొర కిందా, పైనా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆకాశం నుంచి నిప్పు కురిసినా ఈ లోయలో మనిషి నిలబడ్డాడా అని లోకమంతా చర్చించింది. మనం ఆ బూడిదను ఏం చేశాం? తవ్వి, బస్తాలకెత్తి, అంట్లు తోమే పొడికి అమ్ముకున్నాం! అడిగిన అధికారి లేడు, అడ్డుపడిన నాయకుడు లేడు. మరో దేశమైతే ఆ పొరకు గాజు గోడ కట్టి, చుట్టూ బడి పిల్లలను తిప్పేది. మనకు అది కిలోల లెక్కన సరుకు. సిగ్గు పడటానికైనా ఒక్కసారి అక్కడ ఆగాలి కదా. ఆగాలంటే సైకిలుకు స్టాండు ఉండాలి.

వచ్చే చలికాలపు కరపత్రం అప్పుడే అచ్చయింది. దుమ్ము ఎక్కువగా ఉందని యాత్రికులు ఫిర్యాదు చేశారట, కొలిమిగుండ్ల దారి తీసేశారు. దుమ్మును కాదు, దారిని. దాంతో వలయం ఇంకాస్త గుండ్రంగా వచ్చిందని నిర్వాహకులు సంబరపడుతున్నారు. రుసుము మాత్రం తగ్గలేదు.