మనకు ఇంకో విగ్రహం కాదు, ఒక ఖాళీ గోడౌను కావాలి

బెజవాడలోగానీ గుంటూరులోగానీ కళ మీద నాలుగు రూపాయలు ఖర్చు పెట్టాలన్న ఆలోచన పైవాళ్లకు వస్తే, అది చివరికి కూడలిలో ఫైబర్ విగ్రహంగానో, ఫ్లైఓవర్ స్తంభాల మీద రంగుల బొమ్మలుగానో, ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ పెట్టిన సెల్ఫీ పాయింటుగానో తేలుతుంది. అవి వద్దని నేననడం లేదు. కాకపోతే అవన్నీ బండి మీద పోతూ చూసి మరిచిపోయేవి. లోపలికి నడిచి వెళ్లి, కాసేపు నిలబడి, కొంచెం ఇబ్బంది పడి బయటికి వచ్చే కళ మనకు ఎప్పుడు దొరుకుతుందన్నదే నా ప్రశ్న.

2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలేకు (బినాలే అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళాప్రదర్శన) ప్రధాన వేదికైన ఆస్పిన్‌వాల్ హౌస్ కొత్తగా కట్టిన అద్దాల మేడ కాదు. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరినూనె వర్తకం నడిచిన పాతకాలపు ఇంగ్లీషు కంపెనీ ఆవరణ. 2016లో చిలీ కవి రౌల్ సురీటా అక్కడి ఒక గోడౌనును సముద్రపు నీళ్లతో నింపాడు. చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, ఆ నీళ్లలో నడుచుకుంటూ పోతే తప్ప అవతలి గోడ మీది కవిత దగ్గరికి చేరలేం. ఆ కవిత 2015లో పడవ మునిగి చనిపోయిన సిరియా పిల్లవాడు గాలిబ్ కుర్దీకి అంకితం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన అతని తమ్ముడు అలాన్ ఫొటోను ప్రపంచమంతా చూసింది. అన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. కాళ్లు తడిసిన మనిషికి దీన్ని విడమరిచి చెప్పడానికి కళావిమర్శకుడు కావాలా? "మనవాళ్లకు ఇలాంటివి ఎక్కవండీ" అనే పెద్దమనుషుల మాట నేను అందుకే ఒప్పుకోను.

ముడిసరుకు విషయానికి వస్తే, మనకు లేనిదేముంది? బెంగళూరుకు చెందిన షీలా గౌడ 2009లో గుళ్లలో భక్తులు సమర్పించిన తలనీలాలతో పేనిన తాళ్లకు కార్ల బంపర్లను వేలాడదీసి, ఆ కళాకృతిని వెనిస్ బినాలేలో పెట్టారు. దిష్టి తగలకుండా బండికి వెంట్రుకల తాడు కట్టుకునే అలవాటే దానికి మూలం. తలనీలాలూ, దిష్టీ మనకెవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. బ్రెజిల్ కళాకారుడు ఎర్నెస్టో నెటో పల్చటి సాగుడు గుడ్డలో లవంగాలు, పసుపు, మిరియాలు పోసి పైకప్పు నుంచి వేలాడదీస్తే, జనం దాన్ని ముందు ముక్కుతోనే చూస్తారు. ఇక గుంటూరు మిర్చి యార్డు సంగతి ఆలోచించండి: టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య అడుగు పెట్టగానే వచ్చే దగ్గు, తొడిమలు తీసే ఆడవాళ్ల చేతుల మంట, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోజంతా చేసే పని, వీటిని ఒక గదిలోకి తేగలిగిన కళాకారుడికి వేరే రంగు కొనే అవసరమే రాదు.

తెనాలిలో పాత ఇనుప నట్లు, గొలుసులు, పళ్ల చక్రాలు అతికి నిలువెత్తు బొమ్మలు చేసే శిల్పులున్నారు. ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ వాళ్లకు వచ్చే బేరాలు చాలావరకు నాయకుడి పోలికా, సినిమా వీరుడి పోలికా. పోలిక కుదిరిందా లేదా అని తప్ప ఆ తుక్కుతో ఇంకేం చెప్పగలవని అడిగేవాడు ఉండడు. (గోడల నిండా ప్రొజెక్టర్లతో డచ్ చిత్రకారుడు వాన్‌గో బొమ్మలు తిప్పి టికెట్టు కొట్టే ప్రదర్శనలను మాత్రం నేను లోపలికి నడిచి వెళ్లే కళ లెక్కలో వేయను. అవి ఏసీ ఉన్న తెర, అంతే.)

కాబట్టి నేను అడిగేది కోట్ల రూపాయల భవనం కాదు. ఏటా వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు. ఆ రోజుల్లో ఖాళీగా ఉండే ఒక షెడ్డును నలుగురైదుగురు యువ కళాకారులకు అప్పగించి, కరెంటూ, కాపలా చూసుకుని, ప్రతి కళాకృతి పక్కన తెలుగులో నాలుగు వాక్యాల పలక పెడితే చాలు. ప్రారంభోత్సవ వేదికకూ శాలువాలకూ అయ్యే ఖర్చును ఆ కళాకారుల సామగ్రికి ఇవ్వండి. గుంటూరు మే ఎండల్లో ఎవరొస్తారంటారా, సాయంత్రం ఆరింటికి తెరిచి రాత్రి పదకొండుకు మూయండి.