హెచ్చరిక అంటే మందలింపు ఒక్కటేనా?

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చివర, కుప్రలో పుట్టిన యోసేపు అనే లేవీయునికి అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారనీ, ఆ పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థమనీ మన తెలుగు బైబిల్ చెబుతుంది. నేటి పాఠకుడికి ఇది కొంత వింతగా తోస్తుంది. వరద వచ్చినప్పుడు కృష్ణా, మూసీ గట్టు ఊళ్లకు అధికారులు జారీ చేసేదే మనకు తెలిసిన హెచ్చరిక. బర్నబా అలాంటి పని చేసినట్టు ఎక్కడా కనబడదు. యెరూషలేములో శిష్యులంతా, ఒకప్పుడు తమను హింసించిన సౌలును (తరువాతి పౌలును) చూసి భయపడుతుంటే, అతని చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లినవాడు బర్నబా. అంతియొకయలో కొత్తగా విశ్వసించిన వారిని చూసి ముందు సంతోషించి, ఆ తరువాతే వారికి బోధించినవాడు. గ్రీకు మూలంలో అక్కడ ఉన్న 'పరాక్లేసిస్' అనే పదంలో ధైర్యం చెప్పడం, ఓదార్చడం, బతిమాలడం, పురికొల్పడం అన్నీ ఇమిడి ఉన్నాయి. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు వాడిన 'ఆదరణకర్త' అనే మాట కూడా ఆ పదానికి దగ్గరి చుట్టమే. అదే మూలం నుంచి వచ్చిన మాటలను మన అనువాదకులు సందర్భాన్ని బట్టి ఒకచోట ఆదరణ అనీ, ఒకచోట హెచ్చరిక అనీ, హెబ్రీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో 'బుద్ధి చెప్పుకొనుడి' అనీ తెలిగించారు. అనువాదంలో పొరపాటు లేదు. పొరపాటు మన దగ్గరే ఉంది: హెచ్చరికలోని మందలింపును దాచుకుని, ఆదరణను జారవిడుచుకున్నాం.

నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో ఏ ఆదివారం ఆరాధనకు వెళ్లినా ఇది కనిపిస్తుంది. రాని వాళ్ల గురించి, ఆలస్యంగా వచ్చిన వాళ్ల గురించి, కానుక తగ్గించిన వాళ్ల గురించి ప్రసంగ వేదిక మీద నుంచి మాట వస్తుంది. శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి చాపలు పరిచిన అమ్మ గురించి రాదు. అలాగని మనకు పొగడటం చేతకాదని కాదు. క్రిస్మస్ వేడుకకు వచ్చిన నాయకుడికి శాలువా కప్పుతాం, పేరున్న ప్రసంగీకుడు వస్తే బస్టాండు దాకా ఫ్లెక్సీలు కడతాం, ఎక్కువ చందా ఇచ్చినవారి పేరు మైకులో రెండుసార్లు చదువుతాం. నీరు పల్లమెరుగు అంటారు. మన ప్రశంసకు మాత్రం మిట్టే కనిపిస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చిన వాడిని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాడిని అక్కడ నిలువుమన్న సమాజాన్ని యాకోబు ఎంత గట్టిగా తప్పుపట్టాడో తెలిసిన మనం ఇలా చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ ప్రాంతంలో దీనికి మరో పార్శ్వం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890ల నాటికి నల్లగొండలో పనిచేస్తున్నారు. అటు పాలమూరులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. వారి పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండవలసినవే. కానీ ఎండలో ఊరూరా నడిచి, వాడవాడలా కూర్చుని వాక్యం చెప్పిన గ్రామ బోధకులూ, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలూ చాలావరకు పేరు లేకుండానే మిగిలిపోయారు. వారు చెప్పింది విని సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాదిగ, మాల వాడల వాళ్లు. దొరల ఇంటి చిన్నపిల్లాడు కూడా 'ఒరేయ్' అని పిలిచిన మనుషులు వాళ్లు. అలాంటి తాతను ఆదివారం పూట పదిమందిలో 'పెద్దయ్యా, వందనాలు' అని పలకరించడం మర్యాద కోసం చేసిన పని మాత్రమే కాదు, ఊరు కాదన్న విలువను దేవుని ఇంట్లో ఒప్పుకోవడం. వందనాలు నేటికీ చెప్పుకుంటున్నాం. ఆ మాట వెనుక ఉన్న గుర్తింపు మాత్రం పలచబడిపోయింది.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయాన్ని మనం పేర్ల పట్టిక అనుకుని దాటేస్తాం. అందులో అతడు 20 మందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు, చాలామంది విషయంలో వారు చేసిన పని ఏదో కూడా కలిపి చెప్పాడు. పెర్సిసు అనే స్త్రీ 'ప్రభువునందు బహుగా ప్రయాసపడెను' అన్నాడు. రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు. ఇది ముఖస్తుతి కాదు. ఇచ్చకపు మాటలు తాను ఏనాడూ ఆడలేదని థెస్సలొనీకయులకు రాసినవాడే ఇదీ రాశాడు. తగవులతో చీలిన కొరింథు సంఘాన్ని సరిదిద్దబోతూ కూడా ముందు వారి విషయమై దేవునికి కృతజ్ఞత చెప్పాడు. గలతీయులకు రాసినప్పుడు మాత్రం ఆ కృతజ్ఞతను వదిలేసి నేరుగా మందలించాడు. అంటే అతని మెచ్చుకోలు అలవాటుగా పడేసిన మాట కాదు, మందలింపు అసలు లేకపోలేదు. ఏది ఎప్పుడో తెలిసినవాడు.

మనుషులను మెచ్చుకుంటే గర్వం వస్తుందనీ, మహిమ దేవునికే చెందాలనీ కొందరు సంఘపెద్దలు అభ్యంతరం చెబుతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే దానికి జవాబు కూడా పౌలు పద్ధతిలోనే ఉంది. 'నిన్ను మెచ్చుకుంటున్నాను' అనడం కంటే ఎక్కువగా 'నిన్ను బట్టి నా దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను' అంటాడు. దాన్ని వారికే వినిపిస్తాడు. మహిమ దేవునికే వెళ్లింది, మనిషి గుండెకు ధైర్యమూ అందింది.

'బలహీనులకు ఊత నియ్యుడి' అని 1 థెస్సలొనీకయులు 5వ అధ్యాయం చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన పెద్దలను చూసినవారికి ఊత అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. చేతికర్ర లేనిదే గడప దాటలేని మనిషి మందిరం దాకా వచ్చాడంటే ఆ రాకే ఒక సాక్ష్యం. ఆయనతో ఆ మాట ఎవరైనా అన్నారా?

వలసల సంగతీ ఇంతే. జూరాల, కల్వకుర్తి నీళ్లు వచ్చాక కొంత తగ్గినా, నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో పుణెకో పోయే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలా పోయి ఎనిమిది నెలలకు తిరిగి వచ్చిన ఒక యువకుణ్ణి, మందిరంలో అడుగుపెట్టగానే 'ఇన్నాళ్లూ దేవుడు గుర్తుకు రాలేదా?' అని అందరి ముందు అడగడం నేను చూశాను. అతడు తల దించుకుని కూర్చున్నాడు, మరుసటి ఆదివారం రాలేదు. అడిగిన పెద్ద చెడ్డవాడేమీ కాదు. హెచ్చరించడం తన బాధ్యత అని నిజంగా నమ్మినవాడు. ఆ యువకుడు సెంట్రింగు పని చేసే చోట, తోటి కూలీలతో కలిసి రేకుల షెడ్డులో ప్రతి ఆదివారం రాత్రి పాటలు పాడి ప్రార్థన చేసుకున్నాడని వాళ్లమ్మ చెబితే మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. 'అక్కడ ఎట్ల ఉన్నవు బిడ్డా, ప్రార్థనకు తోడెవరన్న దొరికిన్రా?' అని ఎవరైనా అడిగి ఉంటే ఆ సంగతి అతని నోటి నుంచే, సాక్ష్యంగా, సంఘమంతా విని ఉండేది.