ఎముకకు నోటిఫికేషన్ తేదీ తెలియదు

రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీసు నియామకాల మాట వచ్చిన ప్రతిసారీ లీకేజీలు, కటాఫ్‌లు, కోర్టు కేసుల గురించే కొట్టుకుంటాం. ఈవెంట్స్‌కి, అంటే పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలకు, ముందు కాలు దెబ్బతిని తప్పుకునేవాళ్ల ఊసు ఎవరికీ పట్టదు. గైర్హాజరైనవాళ్ల లెక్కలోనో, ఫెయిలైనవాళ్ల లెక్కలోనో వాళ్లు కలిసిపోతారు. వాళ్లలో చాలామందిని దెబ్బతీసింది పోలీసు నియామక బోర్డు వేసే క్యాలెండరే అంటాను నేను.

2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఏపీలో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. తెలంగాణ టైమింగ్ అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు నాలుగైదు నెలలు ఓపిగ్గా సాధన చేస్తే అందుకోగలిగేదే. చిక్కల్లా ఆ నాలుగైదు నెలలు ఎవరి దగ్గరా లేకపోవడమే. తొలి రాతపరీక్ష ప్రిలిమ్స్ గట్టెక్కుతామో లేదో తెలియదు కాబట్టి అప్పటిదాకా హైదరాబాద్ అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లోనో, జిల్లా గ్రంథాలయంలోనో పుస్తకాలకు అతుక్కుపోతారు. 2022లో తెలంగాణ ప్రిలిమ్స్ ఫలితాలు అక్టోబరు 21న వచ్చాయి. ఈవెంట్స్ డిసెంబరు 8న మొదలయ్యాయి. మధ్యలో ఉన్నది ఏడు వారాలు. కుర్చీలోంచి లేచినవాడు ఆ ఏడు వారాల్లో రన్నర్ కావాలి.

ఆ ఏడు వారాల్లో కాలి లోపల ఏం జరుగుతుందో బోర్డు సభ్యులు ఒక్కసారైనా తెలుసుకోవాలి. గుండె, ఊపిరితిత్తులు పరుగుకు తొందరగా అలవాటుపడతాయి. కొన్ని వారాలకే ఆయాసం తగ్గుతుంది, ఉత్సాహం వస్తుంది. ఎముక అంత తొందరగా మారదు. కొత్త భారం పడ్డప్పుడు కణాలు ముందు పాత ఎముకను తొలిచేస్తాయి, ఆ తర్వాతే కొత్తది కడతాయి. తొలచడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయాసం తగ్గిందన్న ధైర్యంతో కుర్రాడు వేగం పెంచుతాడు. పాత గోడ పడగొట్టి, కొత్త గోడ లేవకముందే పైన స్లాబు వేయడం లాంటిది ఇది. మోకాలి కింద ముందెముకలో సన్నటి పగులు అలాగే వస్తుంది. డాక్టర్లు దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

అసలు మోసం ఆ తర్వాత మొదలవుతుంది. ఎక్స్‌రే తీయిస్తే మొదటి రెండు మూడు వారాలు చాలాసార్లు ఏమీ కనిపించదు. ఎమ్మారైలో కనిపిస్తుంది, కానీ హాస్టల్ మెస్ బిల్లుకే తడుముకునేవాడు ఎమ్మారైకి డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? ‘ఏం లేదన్నారు’ అనుకుని, ఒక నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ గ్రౌండ్‌కి వెళ్తాడు. కండరం పట్టేస్తే కాస్త కదిలించేసరికి సర్దుకుంటుంది. ఎముక నొప్పి అలా కాదు. వేలితో నొక్కితే ఫలానా చోటే అని చూపిస్తుంది, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా వదలదు.

మరి మళ్లీ పరుగు ఎప్పుడు? మోకాలి కింద ఎముకలో వచ్చే మామూలు పగులుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. తొడ ఎముక మెడలోనో, పాదం మధ్య ఎముకలోనో వస్తే సంగతి వేరు, అక్కడ డాక్టరు సరే అనేదాకా ఒక్క అడుగు కూడా ప్రమాదమే. విశ్రాంతి అయ్యాక నొక్కినా నొప్పి ఉండకూడదు, అరగంట చురుగ్గా నడవగలగాలి, ఒంటికాలి మీద గెంతగలగాలి. అప్పుడు ఒక నిమిషం జాగింగ్, నాలుగు నిమిషాల నడక, అదీ రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున లేచేసరికి కాలు ఎలా ఉందో చూసుకుని తర్వాతి మెట్టు ఎక్కాలి. ముందు సమయం పెరగాలి, వేగం అన్నిటికన్నా చివర రావాలి. ఇలా వస్తే 1600 మీటర్లు గడియారం పెట్టుకుని పరిగెత్తడానికి మరో రెండు నెలలు. మొత్తం కలిపితే దాదాపు నాలుగు నెలలు.

‘పరుగును వారానికి పది శాతం మించి పెంచకు’ అని ప్రతి కోచూ చెబుతాడు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త రన్నర్లతో ఈ సూత్రాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. పాటించినవాళ్లలోనూ, పాటించనివాళ్లలోనూ ఇరవై శాతానికి కాస్త పైనే గాయపడ్డారు. 2025లో ఐదు వేల మందికి పైగా రన్నర్లను పరిశీలించిన మరో అధ్యయనంలో వారం లెక్కకన్నా ఒకే పరుగులో చేసే దూకుడే గాయాలతో ఎక్కువగా ముడిపడి కనిపించింది. గత నెలలోని అతి పెద్ద పరుగుకన్నా ఒకేసారి బాగా ఎక్కువ దూరం వెళ్లినవాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. గాయం నుంచి లేచినవాడికి గత నెలలోని అతి పెద్ద పరుగు సున్నా. వాడికి ఈవెంట్స్ తేదీ దగ్గరపడితే దూకుడు తప్ప దారేముంది?

పీవీ సింధునే చూడండి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలి నొప్పితోనే స్వర్ణం గెలిచింది. తర్వాత అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో జరగాల్సిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌తో కోర్టులోకి వచ్చి తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది. దేశంలోని ఉత్తమ వైద్యం అందుబాటులో ఉన్న ఒలింపిక్ పతక విజేతకే ఐదు నెలలు పట్టింది. నల్గొండ కుర్రాడికి మనం ఇచ్చేది ఏడు వారాలు, అదీ గాయం లేకపోతే.

‘పోలీసు ఉద్యోగమంటే దృఢత్వం ఉండాలి, దొంగ ఆగడు కదా’ అనేవాళ్లున్నారు. గాయపడ్డవాళ్లకు మినహాయింపు ఇస్తే ప్రతివాడూ ఒక సర్టిఫికెట్ పట్టుకొస్తాడనీ అంటారు. రెండో భయంలో పస ఉంది, దానికి ప్రభుత్వ ఆస్పత్రి మెడికల్ బోర్డు, ఎమ్మారై రిపోర్టు ఉన్నాయి. మొదటిదానికి సైన్యాలే జవాబు. ఈ పగుళ్ల గురించి తొలిసారి రాసింది 1855లో ప్రష్యా సైన్యపు డాక్టరు బ్రైట్‌హాప్ట్, సైనికుల పాదాలు చూసి. ఇజ్రాయెల్ సైన్యం ఏళ్ల తరబడి ఈ సమస్యతో కుస్తీ పట్టి, శిక్షణలో నడక భారం తగ్గించి, కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేశాక స్ట్రెస్ ఫ్రాక్చర్లు సగానికి పైగా తగ్గాయి. అది దృఢత్వం తెలియని సైన్యమని ఎవరూ అనరు.

నిజానికి కాలు ఇక్కడ ఒక సాక్ష్యం మాత్రమే. నిరుద్యోగి సమయానికి ప్రభుత్వాల దగ్గర విలువ లేదు, అదీ అసలు జబ్బు. ఏపీలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ పెట్టారు. 95 వేల మంది అర్హులయ్యారు. మార్చిలో జరగాల్సిన ఈవెంట్స్ ఎమ్మెల్సీ ఎన్నికల పేరుతో వాయిదా పడి, 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. ఇరవై ఒక్క నెలలు! అన్నాళ్లు ఏ మనిషీ ఒంటిని పరీక్షకు సిద్ధంగా ఉంచుకోలేడు. కూలికో, డెలివరీ పనికో వెళ్లి, పిలుపు రాగానే బూట్లు వెతుక్కుంటాడు. ప్రతి పుకారుకూ పరుగు మొదలుపెట్టి, ప్రతి వాయిదాకూ ఆపేసి, మళ్లీ మొదలుపెట్టేవాడి ఎముకకు ప్రతిసారీ మొదటి రోజే. తెలంగాణ 2024 ఆగస్టులో జాబ్ క్యాలెండర్‌ను అసెంబ్లీలో ఘనంగా ప్రకటించింది. అలాంటి క్యాలెండర్లలో పరీక్షల నెలలు వేస్తే సరిపోదు, ఈవెంట్స్ తేదీని కనీసం 120 రోజుల ముందు ఖరారు చేసి, దానికి కట్టుబడాలి.

రెండో అవకాశం ఇవ్వడం కుదరదని మాత్రం బోర్డులు చెప్పలేవు. 2022 డిసెంబరులో తెలంగాణ నియామక మండలి గర్భిణులను, బాలింతలను ఈవెంట్స్ లేకుండానే తుది రాతపరీక్షకు అనుమతించింది. పరీక్ష తర్వాత నెలలోపు దేహదారుఢ్య పరీక్షలకు వస్తామని హామీపత్రం తీసుకుంది. న్యాయమైన పని, దానివల్ల ఎవరి ప్రతిభకూ అన్యాయం జరగలేదు. ఎమ్మారైలో పగులు కనిపించిన అభ్యర్థికి ఆ గడువునే నాలుగు నెలలు చేసి ఇవ్వమంటున్నాం. హామీపత్రం నమూనా ఇప్పటికే వాళ్ల దగ్గర ఉంది.