శనగల సలాడ్‌కి 15 నిమిషాలట!

"కరకరలాడే కాబూలీ శనగల సలాడ్, క్రీమీ డ్రెస్సింగ్‌తో. పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన పదార్థాలతోనే. తయారీ సమయం: 15 నిమిషాలు."

ఈ వంటకం రాసేవాళ్లంతా ఎక్కడో కూడబలుక్కున్నట్టున్నారు. ఎవరిది తెరిచినా పైన ఇదే అంకె. ఒక్కరైనా 40 అని రాసి ఉంటే, పాపం నిజం చెప్పే మనిషి అనుకుని దణ్ణం పెట్టేవాళ్లం. ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అంకె దాటి కిందికి వస్తే పదార్థాల జాబితాలో మొదటి లైను: "ఉడికించిన శనగలు, ఒకటిన్నర కప్పు." ఉడికించినవట! ఎవరు ఉడికించారు? ఎప్పుడు? ఆ వివరాలు రహస్యం. శనగలు ఉడికి, చల్లారి, వరసలో నిలబడి మన పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటాయని వీళ్ల నమ్మకం.

(మొక్కల నుంచి వచ్చినవని శనగలకి సర్టిఫికెట్ ఇవ్వడం ఇంకో వింత. సుమారు పదివేల ఏళ్లుగా మనుషులు పండిస్తున్న గింజ అది. ఇన్నేళ్లలో అది జంతువేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.)

ఈ కొత్త కాలగణనని గౌరవంగానే అర్థం చేసుకుందాం. ఎండు శనగలు 8 నుంచి 12 గంటలు నానాలి. అవి లెక్కలోకి రావు, అప్పుడు మనం నిద్రపోతుంటాం కదా. మామూలు గిన్నెలో ఉడకడానికి గంట, పాత శనగలైతే గంటన్నర పైనే. అదీ రాదు, ఉడికేది శనగలు గానీ మనం కాదు. డ్రెస్సింగ్ (సలాడ్‌లో కలిపే చిక్కటి సాస్) కోసం జీడిపప్పు నానడం లెక్కే కాదు, ఎలాగూ శనగలు నానుతున్నాయి, పక్కన ఇంకో గిన్నె ఉంటే ఏం పోయింది?

నాకైతే ఆ వంటగది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. గోడకి ఒక గడియారం. మహా సంస్కారవంతురాలైన గడియారం. రాత్రి శనగలు నీళ్లలో పడగానే గొంతు సవరించుకుని, "ఇక నాతో పని లేదుగా" అని గోడ దిగి వెళ్లిపోతుంది. పొద్దున తలుపు సందులోంచి తొంగి చూస్తుంది. శనగలు ఉడుకుతున్నాయి. ఉడకడం వాటి సొంత వ్యవహారం, అందులో తలదూర్చడం మర్యాద కాదని మళ్లీ బయటికి. వడగట్టి ఆరబెడుతున్నారా? అది గాలి పని. తువ్వాలు మీద పరిచి తడి అద్దుతున్నారా? తువ్వాలు పని. ఓవెన్‌లో పెట్టారా? ఓవెన్ ఉన్నదే అందుకు. గడియారం వరండాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది. ఉల్లిపాయ కోసి, నిమ్మకాయ పిండి, అన్నీ చిన్న చిన్న గాజు గిన్నెల్లో సర్దాక లోపల్నుంచి పిలుపొస్తుంది: "రండి మేడమ్, మొదలుపెడుతున్నాం." అప్పుడు వచ్చి గోడెక్కి టిక్ అంటుంది. గిన్నెలన్నీ ఒక పెద్ద గిన్నెలోకి వంచి కలిపేదాకా ఉండి, పైన పచ్చటి ఆకులు చల్లగానే సెలవు తీసుకుంటుంది. మిక్సీ జార్ బ్లేడ్ల కింద ఇరుక్కున్న జీడిపప్పు ముద్దని చెంచా కాడతో గీకేటప్పుడు ఆ గడియారం ఊళ్లోనే ఉండదు.

"టిన్ను శనగలు వాడొచ్చుగా" అంటారు. వాడొచ్చు. 400 గ్రాముల టిన్ను వడగడితే దాదాపు 240 గ్రాముల శనగలు వస్తాయి. మెత్తటి సలాడ్ చాలనుకుంటే 15 నిమిషాలు నిజమే, నేనే సాక్షి సంతకం పెడతాను. కానీ పేరులో కరకర అన్నారుగా! టిన్నులోంచి వచ్చిన శనగ తడిసి ముద్దయి ఉంటుంది. దాన్ని కడిగి, బాగా తుడిచి, కాస్త నూనె పట్టించి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నుంచి 40 నిమిషాలు వేయించాలి. మధ్యమధ్యలో ట్రే కదపాలి. తడి పూర్తిగా పోకపోతే కరకర రాదు. కొందరు మహానుభావులు ఇంకో అడుగు ముందుకేసి, కింద చిన్న అక్షరాల్లో "పొట్టు ఒక్కొక్కటిగా తీసేస్తే ఇంకా బాగుంటుంది (మీ ఇష్టం)" అని రాస్తారు. వందల గింజల పొట్టు! ఇష్టం మాత్రం మనదట.

ఇంత కష్టపడి నీళ్లన్నీ వదిలించిన శనగ మీద వీళ్లు చేసే మొదటి పని ఏమిటి? నీళ్లున్న డ్రెస్సింగ్ దిట్టంగా పోసి, బాగా కలిపి, "రుచులు కలవడానికి అరగంట పక్కన పెట్టండి" అనడం. కలిసేవి రుచులే కాదు, డ్రెస్సింగ్‌లో నీళ్లు శనగలోకి పోతాయి. ఉప్పు తగిలిన కీరా తన నీళ్లు కూడా వదులుతుంది. అరగంట తర్వాత చెంచా పెడితే వచ్చేది కరకర కాదు, బురదలో కాలు పెట్టిన చప్పుడు. వేయించిన శనగలు తినేముందు పైన చల్లుకోవాలనీ, కీరాకి ముందే ఉప్పు రాసి నీళ్లు పిండేయాలనీ, సెలెరీ కాడల్ని ఐసు నీళ్లలో వేస్తే మళ్లీ బిగుసుకుంటుందనీ ఒక్క వాక్యం రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

డ్రెస్సింగ్ సంగతీ అంతే. జీడిపప్పు బదులు నువ్వుల ముద్ద (తహిని) వాడమనేవాళ్లూ ఉన్నారు. అందులో నిమ్మరసం పోయగానే అది గట్టిపడి చెంచాని పట్టేసుకుంటుంది. కొత్తవాళ్లకి టెన్షన్, పాడైపోయిందని సింకులో పారబోస్తారు. పాడవలేదు, చెంచా చెంచా చల్లటి నీళ్లు పోస్తూ గిలకొడితే తెల్లగా, మెత్తగా విడుతుంది. ఈ ముక్క చెప్పరు. పైగా మొదటి మెట్టులో "టిన్నులో నీళ్లు పారబోయండి" అంటారు, మూడో మెట్టులో "గుడ్డు లేని మయోనైజ్ కొనండి" అంటారు. పారబోయించిన ఆ నీళ్లు గిలకొడితే గుడ్డు తెల్లసొనలా నురగ వస్తుందని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ గాయకుడు చూపించాడు. మరుసటి ఏడాది గూస్ వోల్ట్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దానికి అక్వాఫాబా అని పేరు కూడా పెట్టాడు. ఆ నీళ్లలో కొంచెం ఆవాల ముద్ద, నిమ్మరసం వేసి, నూనె సన్నటి ధారగా పోస్తూ బ్లెండర్ తిప్పితే మయోనైజ్ మన చేతిలోనే ఉంది. పాటలు పాడే మనిషికి తట్టింది, వంటలు రాసే వీళ్లకి మాత్రం తట్టదు.

ఇదంతా నవ్వుకోవచ్చు. ఒళ్లు మండేది ఇంకో చోట. ఆ 15 అనే అంకెని వంట చేసే మనిషి ఒక్కతే చదవదు. వంటగది గడప తొక్కని మనిషి కూడా చదువుతాడు. చదివి, "పావుగంట పనేగా, చేసెయ్" అంటాడు. ఆలస్యమైతే ఆవిడ చేతకానిదవుతుంది. అబద్ధం రాసినవాళ్లు మాత్రం పెద్ద వంట నిపుణులుగానే ఉంటారు. ఒళ్లు అలసిపోయి పడుకోబోతూ శనగలు నానబోయాలని లేచి వెళ్లడం పని కాదా? గిన్నెలో నీళ్లు ఇగిరిపోయాయేమోనని పదే పదే మూత తీసి చూడటం పని కాదా? పొయ్యి దగ్గర నిలబడి లాగేసే ఆ కాళ్లు ఎవరివి? దగ్గర దగ్గర 14 గంటల వ్యవహారాన్ని "ఉడికించిన" అనే ఒక్క మాట వెనక దాచేసి, పైన 15 అని రాసుకోవడానికి సిగ్గుండాలి. ఈ సలాడ్ ఒక్కటే కాదు, ప్రతి వంటకంలోనూ కొట్టేస్తున్నది ఆ మనిషి కాలాన్నే. "ముందు రోజు రాత్రే మొదలుపెట్టండి" అని పైన రాస్తే చదివేవాళ్లు పారిపోతారని భయం. పారిపోనివ్వండి! ఉన్నవాళ్లయినా ఒకరు నానబోసి, ఇంకొకరు తుడిచి, పని పంచుకుంటారు.

అన్నట్టు, చివరి లైను చదివారా? "మిగిలిన సలాడ్ మూతబెట్టి ఫ్రిజ్‌లో పెడితే 4 రోజులైనా కరకరలాడుతూనే ఉంటుంది." రాసినాయన నాలుగో రోజు ఆ డబ్బా మూత తీసి, కెమెరా ముందు, మైకు దవడకి ఆనించుకుని ఒక్క చెంచా నమిలి వినిపించాలి.