మహారాజశ్రీ కాగితపు పట్టీ గారికి

విజయనగరం,
సిరిమాను తిరిగిన మరునాడు.

మహారాజశ్రీ నీలిరంగు కాగితపు పట్టీ గారి దివ్యసముఖానికి, మూడు లాంతర్ల దగ్గర కాపురముంటున్న ఒక చిరుద్యోగి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు, రోజూ కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా అబ్బాయి కుడి మణికట్టు మీద మీరు మకాం పెట్టి నేటికి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో తొమ్మిది స్నానాలు చేశారు, పప్పుచారులో మూడుసార్లు మునిగారు, పక్కింటి కుక్కపిల్ల నోట్లో ఒకసారి పడి లేచారు. మీ మీద అచ్చేసిన ‘ఈ ఒక్క రోజుకే చెల్లును’ అన్న అక్షరాలు చెరిగిపోయాయి గానీ మీరు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఇంటి గోడకు వేయించిన సున్నం ఇందులో సగం నమ్మకంగా ఉన్నా నేను మీకు ఉత్తరాలు రాసుకునే స్థితికి వచ్చేవాణ్ణి కాను.

మనకు పరిచయమైన చోటు పేరు రాయను. హైదరాబాద్ పొలిమేరల్లో ఒక వినోదాల తోట అంటే చాలు, అలాంటివి అక్కడ ఒకటి కాదు. భయపడి దాచడం లేదు. కారణం వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

దసరా సెలవుల్లో రాత్రంతా రైల్లో ఒళ్లు హూనం చేసుకుని మేము ఐదుగురం మీ గుమ్మం ముందు నిలబడ్డాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, అబ్బాయి, మా అమ్మ. గుమ్మం మీద ‘మాయాలోకానికి స్వాగతం’ అని బంగారు రంగు అక్షరాలు, వాటి కింద టికెట్ల కిటికీ. పెద్దలకు ఒక ధర, పిల్లలకు ఒక ధర. పిల్లలంటే వయసును బట్టి కాదట, ఎత్తును బట్టట. గోడ మీద గీసిన జిరాఫీ పక్కన మా ఆరేళ్లవాణ్ణి నిలబెట్టి కొలిచారు. వాడు పెద్ద టికెట్టుకు సరిపోయేంత పొడుగు, పెద్ద ఊయలలు ఎక్కడానికి సరిపోనంత పొట్టి అని తేలింది. ఆ రెండు గీతల మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. మీ యజమానుల లాభమంతా ఆ సందులోనే ఉందని నా అనుమానం.

తరువాత మిమ్మల్ని కట్టారు. పీకితే చిరుగుతారు, చిరిగితే చెల్లరు. కట్టే అమ్మాయిని మా అమ్మ ఆపి, ఆడవాళ్లకు ఎడమ చేతికి కదా కట్టాలి అంది. ఏ చెయ్యైనా ఫర్వాలేదు మేడమ్ అంది ఆ పిల్ల. అమ్మ ఎడమ చెయ్యే చాచింది. మంత్రం ఏమీ లేదు, వెనక కార్డు యంత్రం కూసిన కూత తప్ప. ‘దీన్ని ఎన్ని రోజులుంచుకోవాలి, తీశాక ఏ చెట్టు మొదట్లో వెయ్యాలి’ అని కూడా అడిగింది అమ్మ. దానికి ఆ పిల్ల దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే రాయగలరు.

ఆ వెంటనే సంచుల సోదా. ఆవ పెట్టిన పులిహోర డబ్బా బయటికి వచ్చింది. బయటి తిండి లోపలికి రాకూడదట. సోదా బల్ల మీద అప్పటికే ఎవరివో బూరెలు, ఎవరివో చపాతీలు, ఒక స్టీలు క్యారేజీ నిండా పెరుగన్నం, నైవేద్యాల పీటలా ఘుమఘుమలాడుతున్నాయి. మీలాంటివారి పెద్దల కథ ఒకటి చెబుతాను వినండి. ప్యారిస్ దగ్గర 1992లో డిస్నీ వాళ్లు పార్కు తెరిచి, లోపల భోజనంతో వైను ఇవ్వకూడదని నియమం పెట్టారు. ఫ్రెంచివాళ్లు మొహం మాడ్చుకున్నారు. మరుసటి ఏడాదే ఆ నియమం ఎత్తేశారు. ఫ్రెంచివాళ్లకు భోజనంలో వైను ఎంతో, విజయనగరం వాళ్లకు ప్రయాణంలో పులిహోర అంత. మా తరఫున మొహం మాడ్చుకునే వాళ్లు చాలినంత మంది లేరు, అంతే తేడా. అన్నట్టు సోదా కుర్రవాడు సంచులన్నీ గాలించాడు గానీ అమ్మ కొంగు ముడి జోలికి పోలేదు. ఆ ధైర్యం ఎవరికి ఉంటుంది?

లోపలికి వెళ్లాక వరుసలు. వంకలు తిరిగి, తిరిగి, మళ్లీ మొదటికే వచ్చే వరుసలు. మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు. పిల్లల్ని ఫ్లోరిడాలోని డిస్నీ లోకానికి తీసుకెళ్లి వచ్చి ఫోనులో గంటసేపు దాని మహిమ చెప్పాడు. అందులో ముప్పావుగంట వరుసల గురించే. అక్కడ 1999లో ఒక సదుపాయం పెట్టారట. చీటీ తీసుకుంటే ఫలానా వేళకు వచ్చి పొట్టి వరుసలో పోవచ్చు, పైసా ఇవ్వనక్కర్లేదు. 2021లో ఆ ఉచితానికి మంగళం పాడి, పొట్టి వరుసకు డబ్బు పుచ్చుకోవడం మొదలుపెట్టారు. దీన్ని వాడు పెద్ద ఘోరంలా చెప్పుకొచ్చాడు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం టికెట్టు మీద మూడు పెళ్లిరోజులు జరుపుకున్న మనిషి! పైగా అక్కడ వరుస చివర వేంకటేశ్వరుడు ఉంటాడు. ఇక్కడ నిమిషంన్నర కుదుపు ఉంటుంది. మరి పిల్లలకు మాయగా అనిపించిందా అని అడిగాను. పెద్దదానికి అనిపించిందట. చిన్నది కోట ముందు బాణసంచా కాల్చే వేళకు వాడి భుజం మీద నిద్రపోయిందట. ఆ బాణసంచా కోసమే వాడు ఆ రోజంతా అక్కడ ఉన్నాడు.

నేను మాత్రం బెంచీ మీద కూర్చున్నాను. బెంచీకీ ఈ మాయలకూ పాత చుట్టరికం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కు అని ఉంది. వాల్ట్ డిస్నీ వారాంతాల్లో కూతుళ్లను అక్కడ గుర్రాల రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద వేరుశనగపప్పు నములుతూ కూర్చునేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునని అక్కడే ఆయనకు తట్టింది. ఆయన బెంచీ మీద నుంచి లేచి 1955లో డిస్నీలాండ్ కట్టాడు. నేను లేవలేకపోయాను. మూడు సంచులు, నాలుగు జతల చెప్పులు, తడి తువ్వాలు నా మీద ఉన్నాయి. డెబ్బై ఏళ్లు గడిచినా నాన్నలు బెంచీ మీదే ఉన్నారని ఆయనకు ఎవరైనా చెప్పాలి.

ఆ 1955 జులై 17న తెరిచిన రోజు ముచ్చట కూడా మీకు తెలియాలి. ప్లంబర్ల సమ్మె నడుస్తోంది. తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా, రెండిట్లో ఒకటే పూర్తవుతుందన్నారు. ఆయన మరుగుదొడ్లే అన్నాడు. జనం ఎండలో దాహంతో అల్లాడారు. అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు అందులో దిగబడ్డాయి. దొంగ టికెట్లతో వచ్చినవాళ్లు వేలమంది. మాయ తొలినాడు అలా ఉంది. మీ తోటలో కుళాయిలూ దూరమే, మరుగుదొడ్లూ దూరమే. అందుకే మనవణ్ణి తీసుకుని అటు వెళ్లిన మా అమ్మ అరగంటైనా తిరిగి రాలేదు. సంచులతో సహా వెతుక్కుంటూ బయలుదేరాను.

ఇక్కడ ఒక్క మాట. డిస్నీలాండ్‌లో ఒకనాడు కౌబాయ్ వేషగాడు ‘పాత పశ్చిమ సీమ’ అనే భాగం నుంచి ‘రేపటి లోకం’ అనే భాగం మధ్యగా నడిచిపోవడం చూసి డిస్నీ ప్రాణం ఉసూరుమందట. అందుకని ఆయన పోయాక, 1971లో ఫ్లోరిడాలో తెరిచిన పార్కు కింద సొరంగాలు కట్టారు. అక్కడ తవ్వితే నీళ్లు పడతాయి కనుక సొరంగాలను నేలమట్టాన కట్టి, పైన మట్టి పోసి, ఆ మీద పార్కు లేపారు. జనం తిరిగేది నిజానికి మేడ మీద. వేషగాళ్లు, చెత్త, సరుకులు, అన్నీ కిందినుంచే నడుస్తాయి. మీ యజమానులకు అంత ఖర్చు దండగ అనిపించినట్టుంది. జనరేటరు పక్కన నాలుగు రేకులు నిలబెట్టారు.

ఆ రేకుల వెనక మా అమ్మ కనిపించింది. ఆమె ముందు, బోర్లించిన బకెట్టు మీద, ఒక ఎలుగుబంటి కూర్చుని ఉంది. మెడ దాకా ఎలుగుబంటి, ఆ పైన ఇరవై ఏళ్ల కుర్రవాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. గడ్డం కింద బట్ట ఒరిసి ఎర్రటి చార పడింది. ఎలుగుబంటి తల పక్కన నేల మీద నవ్వుతూ ఉంది. మా వాడు నానమ్మ చీర పట్టుకుని ఒకసారి ఆ తల వంక, ఒకసారి ఈ తల వంక చూస్తున్నాడు.

నీళ్లున్నాయా అమ్మా అని అడిగాడట. ఆ మాట చివర సాగదీసిన తీరు అమ్మ చెవిన పడనే పడింది. అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక వదులుతుందా?

‘ఏ ఊరు నాయనా?’

‘పలాస పక్కన అమ్మా.’

‘పక్కన అంటే ఎటు పక్క?’

ఊరి పేరు చెప్పాడు. అమ్మ పుట్టింటికి కూతవేటు. ఎవరి అబ్బాయివి, మీ తాత ఇంటి ముందు రావిచెట్టు ఉండేది కదా, ఆ నుయ్యి ఇంకా ఉందా. నుయ్యి ఉంది, చెట్టు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు పోయింది. వాళ్ల కొబ్బరితోట కూడా ఆ రాత్రే పోయింది. వీడు అప్పుడు ఎనిమిదో తరగతి. మళ్లీ నాటిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఇంట్లో ఎవరో ఒకరు బయటికి పోవాలి. మొదట తండ్రి చెన్నైకి తాపీ పనికి పోయాడు, తరువాత వీడు ఇటు వచ్చాడు.

ఉద్దానం సంగతి మీకు తెలియకపోవచ్చు. అక్కడి జీడితోటల్లో నిజం ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడతాయి. పొద్దువాలితే ఒంటరిగా తోటకు పోవడానికి జంకుతారు. ఆ ఊరి కుర్రవాడు జీడితోట విడిచి, రాత్రంతా రైలు ప్రయాణం చేసి వచ్చి, ఇక్కడ ఎలుగుబంటి అయ్యాడు. దీన్ని మించిన మాయ మీ ధరల పట్టికలో ఏదైనా ఉందా?

అమ్మ కొంగు ముడి విప్పింది. గుప్పెడు పలాస జీడిపప్పు. వాడు చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. చేతులకు పంజాలున్నాయి, అవి రావాలంటే వీపు మీద జిప్పు తియ్యాలి, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అమ్మ ఒక్కొక్క పలుకే వాడి నోట్లో పెట్టింది. వాడు నములుతూ రేకు సందులోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు, ఎవరైనా వస్తారేమోనని. నేను సంచులతో ఆ మూలే నిలబడిపోయాను.

లేస్తూ మా వాడి ముందు వంగాడు. పంజాతో మిమ్మల్ని తాకి, ‘తమ్ముడూ, నేను తల తీశానని తెలిస్తే నా పని పోతుంది. ఈ పట్టీ నీ చేతికి ఉన్నంతకాలం ఎవరికీ చెప్పకు, సరేనా?’ అన్నాడు. తరువాత తల పెట్టుకుని, ఎడమవైపు చెవి సరిచేసుకుని, గెంతుతూ వెళ్లిపోయాడు.

పది నిమిషాల తరువాత మా ఆవిడా అమ్మాయీ అదే ఎలుగుబంటితో ఫోటో దిగారు. మమ్మల్నీ రమ్మన్నారు. ఆ ఫోటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. అందరం కెమెరా వైపు చూస్తున్నాం, మా అమ్మ ఒక్కతే ఎలుగుబంటి వైపు, వాడు తిన్నాడో లేదో అన్నట్టు చూస్తోంది.

ఇంటికి వచ్చాక వీధివీధంతా అడిగారు, ఎలా ఉంది మాయాలోకం అని. అమ్మాయి తలకిందులుగా తిప్పిన ఊయల గురించి చెప్పింది. మా ఆవిడ కెరటాల కొలను గురించి చెప్పింది. అమ్మ, పులిహోర పోయింది అని ఊరుకుంది. మా అబ్బాయి ఏమీ చెప్పలేదు. వాడు కడుపులో మాట ఒక పూట కూడా దాచుకున్న దాఖలా మా వంశంలో లేదు. అలాంటివాడు తొమ్మిది రోజులుగా నోరు కుట్టుకుని తిరుగుతున్నాడు. మా ఆవిడ కత్తెర పట్టుకుని వస్తే చెయ్యి వెనక్కి దాచి పెరట్లోకి పరుగెత్తుతున్నాడు.

అందుచేత విన్నపం ఏమనగా, దయచేసి ఊడకండి. నేను మొదట్లో మీ గట్టిదనాన్ని ఎగతాళి చేసిన మాట వాస్తవమే, ఉపసంహరించుకుంటున్నాను. పలాస పక్కన ఒక ఇంటికి వచ్చే జీతం ప్రస్తుతం మీ జిగురు మీద ఆధారపడి ఉంది. పార్కు పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది.

నిన్న మా పైడితల్లి అమ్మవారి సిరిమాను. టికెట్టు లేదు, జిరాఫీ లేదు. ఏ తోటలో చింతమాను కొట్టి తెచ్చారో ఊరందరికీ తెలుసు, మాను చివర కూర్చున్న పూజారి ఎవరో తెలుసు, లాగేవాళ్లు కళ్లముందే చెమటలు కక్కుతూ లాగుతారు. అయినా గుడి నుంచి కోటకు, కోట నుంచి గుడికి మూడుసార్లు అది ఊగుతూ వెళ్తుంటే లక్షల గొంతులు ఒక్కసారి లేస్తాయి, అరటిపళ్లు గాల్లోకి లేస్తాయి. ఈ జనంలో పిల్లవాడు తప్పిపోతే దొరకడు కనుక మా వాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాను. మీరు నా నుదుటికి గీరుకుంటూనే ఉన్నారు.

సిరిమాను ముందు తెల్ల ఏనుగు బొమ్మ వచ్చింది. అది మా ఎదురుగా రాగానే వాడు నా తల మీదుగా నానమ్మ చెవి దాకా వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

‘నానమ్మా, ఈ ఏనుగులో ఉన్న అన్నయ్య ఏ ఊరు?’

అమ్మ జవాబు చెప్పలేదు. కొంగు ముడిలో ఏమైనా మిగిలి ఉందేమోనని తడుముకుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మూడు సంచుల మనిషి