స్వచ్ఛందంగా, స్వదస్తూరీతో

మానవ వనరుల విభాగం ఆధునిక ప్రపంచానికి ప్రసాదించిన సాహిత్య ప్రక్రియల్లో రాజీనామా లేఖకు సాటి రాగలది మరొకటి లేదని నా దృఢాభిప్రాయం. చెప్పేవారొకరు, రాసేవారొకరు, శైలి మొదటివారిది, సంతకం రెండవవారిది. ఇతివృత్తం మాత్రం ఎప్పుడూ ఒక్కటే: ‘వ్యక్తిగత కారణాల వల్ల’. ఒక శుక్రవారం నాడు, మధ్యాహ్న భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య, ఒకే అంతస్తులో పదకొండుమందికి వ్యక్తిగత కారణాలు పుట్టుకురావడం నేను కళ్లారా చూశాను. మశూచి కూడా జీతాల పట్టీ దగ్గర పెట్టుకుని, ఎక్కువ జీతం ఉన్నవారితో మొదలుపెట్టి, అంత క్రమశిక్షణతో సోకి ఉండదు.

ఆ పదకొండుమందిలో ఒకరి లేఖకు నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. స్వచ్ఛందంగా చేసే పనికి సాక్షులెందుకని అడిగేవారికి ఈ శాస్త్రం ఎన్నటికీ ఒంటబట్టదు. బల్ల మీద టిష్యూల పెట్టె ఉంది. అవసరం పడినప్పుడు తడుముకోకుండా మొదటి కాగితాన్ని ముందే సగం బయటికి లాగి ఉంచారు. ఉద్యోగుల క్షేమం పట్ల ఆ విభాగానికి ఉన్న ముందుచూపుకు ఇంతకన్నా నిదర్శనం చూపలేను.

“సార్, ఇది మీ గురించి కాదు” అని హెచ్‌ఆర్ అమ్మాయి మొదలుపెట్టింది.

“పిలిచింది నన్నే కదమ్మా” అన్నారాయన.

కంప్యూటరు పాస్‌వర్డు పొద్దున్నే పనిచేయడం మానేసింది గనక లేఖ చేత్తోనే రాయాలట.

“వ్యక్తిగత కారణాల వల్ల అని రాయండి.”

“నాకు అలాంటివేమీ లేవమ్మా.”

“ఆలోచించండి సార్, ఉంటాయి.”

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. ఇంట్లో అందరూ ఆరోగ్యంగానే ఉన్నారని, అదేదో తన తప్పయినట్టు చెప్పారు.

“పోనీ, పైచదువుల కోసం అని రాయండి.”

ఆయన వయసు 54. ‘ఈ సంస్థ నాకిచ్చిన అవకాశాలకు కృతజ్ఞుణ్ణి’ అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోతే, వత్తుల దగ్గర తడబడుతున్నారనుకుని ఆ అమ్మాయి ‘కృతజ్ఞుణ్ణి’ని అక్షరం అక్షరం విడదీసి చెప్పింది.

ఈ స్వదస్తూరీ మోజు వెనక ఒక లెక్క ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం ప్రకారం తగిన కారణం లేకుండా ఉద్యోగిని తొలగించకూడదు; పనితీరో ప్రవర్తనో బాగాలేదని తొలగించదలిస్తే ముందుగా అతని సంజాయిషీ వినాలి; తొలగించాక, అది అన్యాయమని అతను న్యాయస్థానం వంటి నిష్పాక్షిక వేదిక ముందు మొరపెట్టుకోవచ్చు. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు గాని, నోటీసు, పరిహారం వంటివి చాలా చట్టాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వీటన్నిటికీ విరుగుడు ఒక్క తెల్లకాగితం. తనంతట తాను మానుకున్నవాడికి పరిహారమేమిటి, సంజాయిషీ ఏమిటి? చాలా దేశాల్లో అలాంటివాడికి నిరుద్యోగ భృతి దొరకడమూ కష్టమే.

ఎవరెవరు మానుకోవాలో తేల్చే విద్య వేరే ఉంది. 1981 నుంచి 2001 దాకా జనరల్ ఎలక్ట్రిక్‌ను ఏలిన జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఉద్యోగులను 20, 70, 10 శాతాలుగా విడదీసి, అట్టడుగు పది శాతాన్ని సాగనంపాలి. పదిమంది మేధావులను వరసగా నిలబెట్టినా పదోవాడొకడు ఉంటాడన్న చిన్న చిక్కు అందులో ఉంది. మైక్రోసాఫ్ట్ సైతం 2013లో ఇలాంటి ర్యాంకుల పద్ధతిని వదిలేసింది. వదలనివారు దానికి పేరు మార్చుకున్నారు. పేర్లు మార్చడంలో మనవాళ్లు ఘనులు. ‘శ్రమ సరుకు కాదు’ అని 1944లో ఫిలడెల్ఫియాలో ఆ కార్మిక సంస్థే ప్రకటించింది. సరుకు అనకూడదన్నారు గనక వనరు అంటున్నాం.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. వ్యాపారం దెబ్బతింటే మనుషులను తీసేయాల్సి వస్తుందని తెలియని పసివాడెవడూ లేడు. తీసేయండి. తీసేస్తున్నామని నోరు విప్పి చెప్పండి, ఎందుకో చెప్పండి, రావలసిన ప్రతి పైసా లెక్కగట్టి చేతిలో పెట్టండి. నీతి అంటే ఇంతే. దీనికి రెండు రోజుల శిక్షణ శిబిరం అక్కర్లేదు. అంతేగాని, సంతకం పెడితేనే అనుభవ పత్రం ఇస్తామని పీక మీద కత్తి పెట్టి, తన మెడ తానే కోసుకున్నానని ఆ మనిషి చేతే రాయించి, పైగా కత్తికి కృతజ్ఞతలు చెప్పించుకోవడం నీచం. దాన్ని ‘మృదువైన వీడ్కోలు’ అని పిలుచుకునే దుర్మార్గం అంతకన్నా నీచం.

లేఖ పూర్తయ్యాక ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారం వచ్చింది. ‘సంస్థను వీడాలన్న నిర్ణయానికి మిమ్మల్ని పురికొల్పిన ప్రధాన కారణమేమిటి?’ అన్నది మొదటి ప్రశ్న. మెరుగైన జీతం, పైచదువులు, నివాసం మార్పు, ఇతరములు. ఆయన తలెత్తి ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె కాగితం మీదికి వంగి, ‘ఇతరములు’ ఎదుట ఉన్న గడిని వేలితో చూపించింది. ఆయన టిక్కు పెట్టారు. ఫారం నా వైపు తిప్పారు. కలం ఆయనదే తీసుకుని, సాక్షి అన్న చోట నేను సంతకం చేశాను.