గెలిచాక కాపలా ఎవరు కాస్తారు?

రంధ్రాలున్న మామూలు ఇటుకలు కొన్ని, వాటి మీద ఎండకు వేడెక్కే చిన్న గ్రీన్‌హౌస్. ఆస్ట్రేలియా పరిశోధకులు 2024లో ‘నేచర్’ పత్రికలో వివరించిన ‘కప్పల సౌనా’ (వేడి గది) అంటే ఇంతే. చలికాలంలో కప్పలు వాటంతట అవే వచ్చి ఇటుక రంధ్రాల్లో దూరి వెచ్చగా కూర్చుంటాయి. వాటి చర్మానికి పట్టిన కైట్రిడ్ ఫంగస్ ఆ వేడికి తట్టుకోలేదు. ఇలా బయటపడ్డ కప్పలు తర్వాత చల్లటి చోట కూడా జబ్బును చాలావరకు తట్టుకున్నాయట. ఈ ఫంగస్ వల్ల కనీసం 501 ఉభయచర జాతులు క్షీణించాయని, 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో ఒక అంచనా వచ్చింది. అంత పెద్ద శత్రువు మీద ఇటుకలతో యుద్ధమా అని నవ్వొస్తుంది కానీ, హాని చేసే పురుగులను, రోగాలను అదుపు చేసే రంగంలో పనిచేసిన ఉపాయాలు చాలావరకు ఇలాంటివే. విషం చల్లడం కాదు, శత్రువు బలహీనత ఎక్కడుందో కనిపెట్టి అక్కడే కొట్టడం.

ఈ పద్ధతికి పెద్దన్న స్క్రూవార్మ్ ఈగ కథ. ఈ ఈగ పశువుల గాయాల్లో గుడ్లు పెడుతుంది, పురుగులు బతికున్న మాంసాన్ని తొలుచుకుంటూ పోతాయి. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుందని అమెరికా కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ నిప్లింగ్ గమనించారు. రేడియేషన్‌తో వంధ్యం చేసిన మగ ఈగలను గుంపులుగా వదిలితే ఆ ఒక్క అవకాశమూ వృథా అవుతుంది, పెట్టిన గుడ్లు పొదగవు. 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో ఇది నిజమని తేలింది. మధ్యలో ఎదురుదెబ్బలు తగిలినా అమెరికా, మెక్సికో దాటి, 2006కల్లా పనామా దాకా ఈగను తరిమేశారు. అక్కడి నుంచి పనామా-కొలంబియా సరిహద్దులోని డారియన్ అడవుల మీద విమానాల్లో ప్రతి వారం వంధ్య ఈగలను వదులుతూ గోడ కట్టినట్టు నిలబెట్టారు. ఆ ఈగలు ఆగితే గోడ లేదు.

ఇండోనేషియా నగరం యోగ్యకర్తలో చేసింది వేరు. అక్కడ ఈడిస్ దోమల్లోకి వొల్బాకియా అనే బ్యాక్టీరియాను ఎక్కించి వదిలారు. అది దోమలో డెంగీ వైరస్‌ను పెరగనివ్వదు, పైగా తల్లి నుంచి గుడ్లకు తనంతట తనే పోతుంది. 2021లో వచ్చిన ఫలితాల్లో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి. ఒకసారి పాతుకుపోతే వారం వారం విమానాలు అక్కర్లేదు.

ఇంకో అడుగు ముందుకేస్తే జీన్ డ్రైవ్. మామూలుగా ఒక జన్యువు పిల్లల్లో సగం మందికి చేరుతుంది, ఇందులో దాదాపు అందరికీ చేరేలా మారుస్తారు. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఇలా మార్చిన మలేరియా దోమలను బోనుల్లో వదిలితే, 7 నుంచి 11 తరాల్లో ఆ బోనుల్లో దోమ అన్నది మిగల్లేదు. లెక్క ప్రకారం అద్భుతం. నాకు మాత్రం ఇక్కడే భయం. బోనుకు తలుపుంటుంది, దేశానికి ఉండదు. ఒక ప్రభుత్వం సరే అంటే పక్క దేశపు దోమలు కూడా సరే అన్నట్టే. చెరకు పురుగుల కోసం 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన 102 గోదురు కప్పలు పురుగులను వదిలేసి ఖండపు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాకిపోయాయి. వాటిని తెచ్చినవాళ్లూ శాస్త్రమే చెప్పారు.

వంధ్య ఈగల్లో లోపం అనుకున్నదే నిజానికి వాటి సుగుణం. ఆపితే ఆగుతాయి. తప్పు చేశామని తెలిస్తే వచ్చే వారం విమానం ఎగరకపోతే చాలు. బ్రేకులున్న బండికే నా ఓటు, కాకపోతే దానికి ఎప్పటికీ పెట్రోలు పోస్తూ ఉండాలి. ఆ ‘ఎప్పటికీ’ అన్న మాటే ఏ బడ్జెట్‌కూ నచ్చదు.

పరాయి జీవి చొరబాటును ముందే పసిగడితే ఈ ఖర్చు చాలా తగ్గుతుంది. చేప కంటికి కనపడకపోయినా దాని పొలుసులు, జిగురు నీళ్లలో డీఎన్‌ఏ వదులుతాయి. చెరువులో ఒక సీసా నీళ్లు ముంచి ల్యాబ్‌కు పంపితే సరి. ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లోకి ఆసియా కార్ప్ చేపలు రాకుండా ఇలాగే కాపలా కాస్తున్నారు. చిక్కేమిటంటే, ఆ డీఎన్‌ఏ పక్షి రెట్టతోనో పడవ అడుగునో అంటుకుని కూడా రావచ్చు. చేప ఉందన్నది అనుమానమే, రుజువు కాదు. అయినా అనుమానం దశలో దిగితే పని వలలతో అయిపోతుంది.

స్క్రూవార్మ్ సంగతికొస్తే, ఆ గోడ బీటలు వారింది. 2023లో పనామాలో కేసులు ఒక్కసారిగా పెరిగాయి, పశువుల అక్రమ రవాణా ఈగను ఉత్తరానికి మోసింది. 2024 నవంబరులో ఈగ మెక్సికోలో బయటపడింది. అక్కడ ఒకప్పుడు వంధ్య ఈగలను పెంచిన పెద్ద కేంద్రం ఉండేది, ఇక పనేముందని ఎప్పుడో మూసేశారు. 2025లో అదే మెక్సికోలో, మెటపా అనే ఊళ్లో, పండు ఈగల కోసం కట్టిన కేంద్రాన్ని స్క్రూవార్మ్ ఈగలకు మార్చే పనిలో పడ్డారు.